నల్లేరు - విరిగిన ఎముక - మూలకణాలు

సులువైన పనిని ‘నల్లేరు మీద బండి నడక’ అంటాము. చక్రం కింద నలిగే ఆ తీగ విరిగిన ఎముకకు ఆప్తబంధువన్న సంగతి మాత్రం మరచిపోతున్నాము. సాలీనా 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం సీమలోనూ నల్లేరు కంచెలపై పచ్చగా పాకుతుంది. నాలుగు పలకల కాడలు కణుపు కణుపునా ఎముకల గొలుసువలె కనబడుతాయి. అందుకే సంస్కృతంలో దీనిని ‘అస్థిశృంఖల’ అన్నారు. ఎముకలను అతికే గుణం దీనికి కలదని భావప్రకాశం పేర్కొన్నది.

నిజానికి ఎముకను అతికేది శరీరమే. నల్లేరు తోడ్పడేది మాత్రమే. ఎముక విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. ఎముకను కప్పిన పొరలోను, లోపలి మజ్జలోను నిద్రాణంగా ఉన్న మూలకణాలు అప్పుడు మేల్కొంటాయి. విత్తనపు గింజల వంటి ఈ కణాలు వృద్ధిచెంది, కొన్ని మృదులాస్థిగా, కొన్ని ఎముక కణాలుగా మారుతాయి. రెండు మూడు వారాలలో మెత్తని వంతెన ఏర్పడి, సాధారణంగా ఆరు నుండి పన్నెండు వారాలలో గట్టిపడుతుంది. పూర్వపు ఆకృతి రావడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టవచ్చును. మజ్జలోని ఈ నిర్మాతలను 1960ల నుండి సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడెన్‌స్టైన్ లోకానికి పరిచయం చేశాడు. ఇంచుమించు అదే కాలంలో, 1964లో, కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఉడుప, ప్రసాద్‌లు నల్లేరుతో జంతువులలో ఎముక త్వరగా అతికినట్లు ప్రకటించారు. మనుషులపై జరిగిన పరీక్షలు మాత్రం చిన్నవే.

మూలకణాలు పనిచేయాలంటే ఎముక కదలకూడదు, రక్తం ఆడాలి. కట్టు వదులైతే ఎముక నిలవదనీ, బిగువైతే వాపు, నొప్పి, చీము పుడతాయనీ సుశ్రుతుడు ఏనాడో హెచ్చరించాడు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు బయలుదేరేవారు సీమలో నేటికీ ఉన్నారు. ఎక్కడ కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే తీయించవలెను. కట్టు తరువాత వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే విప్పించి ఆసుపత్రికి చేర్చవలెను. బీడీ, సిగరెట్టు, అదుపులేని మధుమేహం ఎముక అతుకును ఆలస్యం చేస్తాయి.

మూలకణాల ఇంజెక్షన్‌తో కీళ్లు కొత్తవవుతాయన్న ప్రకటనలకు మోసపోవద్దు. రక్తవ్యాధులలో చేసే మజ్జ మార్పిడి తప్ప మూలకణ చికిత్స ఏదీ సాధారణ వైద్యం కాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలోనే స్పష్టం చేసింది.

ఇక ఆహారం. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన సంగటి ముద్దకు నల్లేరు పచ్చడి చక్కని జోడు. చేతులకు నూనె రాసుకొని లేత కాడలు కోయవలెను, లేకుంటే దురద పెడుతుంది. కణుపులు, అంచుల నార తీసివేసి, ముక్కలను నూనెలో బాగా వేయించి, వేయించిన నువ్వులతో నూరవలెను. సుశ్రుతుడు ఎముక విరిగినవారికి ఉప్పు, పులుపు, కారం వద్దన్నాడు. ఆ మూడూ లేనిది పచ్చడెట్లా అవుతుంది! కనుక అన్నీ నామమాత్రంగా వేసి, నేయి కలిపి పెట్టండి. పచ్చిది తినరాదు. మూత్రపిండాలలో రాళ్లున్నవారు, గర్భిణులు దీనిని మానవలెను. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడిగి తినవలెను.