పీహెచ్‌డీకి వచ్చే డబ్బు ఎవరి పేరు మీద?

సైన్సు, ఇంజినీరింగుల్లో పీహెచ్‌డీ చేసేవారికి మన దేశంలో నెలనెలా ఫెలోషిప్ అందే ఏర్పాటు చాలాకాలంగా ఉంది. అది కొందరికి జాతీయ పరీక్షలో గెలుచుకున్నది, కొందరికి చేరిన సంస్థ ఇచ్చేది, మరికొందరికి ప్రొఫెసర్ తెచ్చుకున్న ప్రాజెక్టులోంచి వచ్చేది. చేతికందే మొత్తం కన్నా అది ఎవరి పేరు మీద మంజూరైందన్నదే ముఖ్యం. పరిశోధకుడికి ఎంత స్వేచ్ఛ ఉంటుందో దాన్నిబట్టే తేలుతుంది.

సైన్సు విద్యార్థులకు పెద్ద దారి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. రసాయన, భౌతిక, జీవ, గణిత, భూవిజ్ఞాన శాస్త్రాల్లో ఈ పరీక్ష జరుగుతుంది. ఇందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. హాస్టల్ వసతి లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. రెండేళ్లయ్యాక నిపుణుల కమిటీ ముందు చేసిన పని చూపించి మెప్పిస్తే అది ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) అవుతుంది, ఫెలోషిప్ 42,000కు చేరుతుంది.

జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ సీటు వచ్చేసినట్టేనని చాలా ఇళ్లలో అనుకుంటారు. సీటు వేరు. హైదరాబాద్‌లోని ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి ప్రయోగశాలల్లోనైనా, యూనివర్సిటీలోనైనా విడిగా దరఖాస్తు చేసి ఇంటర్వ్యూలో నెగ్గాలి. అయితే సొంత ఫెలోషిప్‌తో వచ్చే విద్యార్థి గైడుకు ఖర్చు కాడు కాబట్టి, నచ్చిన అంశాన్ని, నచ్చిన ల్యాబును ఎంచుకునే వీలు అతనికి ఎక్కువ.

ప్రాజెక్టు జేఆర్ఎఫ్ సంగతి వేరు. ఆ డబ్బు ప్రాజెక్టుది. గడువు తీరితే అదీ ఆగిపోతుంది, థీసిస్ సగంలో ఉన్నా సరే. అందుకే చేరేముందే ప్రాజెక్టు ఇంకా ఎన్నాళ్లుంది, ఆ తర్వాత ఏ ఏర్పాటు ఉంది, పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయిస్తారా అని గైడును నేరుగా అడగాలి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

ఇంజినీరింగు వారికి గేట్ స్కోరు ఉపయోగపడుతుంది. అది మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీల్లో చేరినవారికి సాధారణంగా సంస్థే అసిస్టెంట్‌షిప్ ఇస్తుంది, బదులుగా ట్యుటోరియళ్లు, ల్యాబులు చూసుకోవాలి. 2018లో వచ్చిన ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్‌ది ఇంకా పెద్ద మొత్తం. మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడాది 75,000, ఆపై 80,000గా దాన్ని నిర్ణయించారు. పరిశోధన ఖర్చులకు ఏటా 2 లక్షలు అదనం. ఎంపిక మాత్రం చాలా కఠినం. పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవారికి ఇన్‌స్పైర్ ఫెలోషిప్ మరో దారి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు వస్తే ఎమ్మెస్సీ చేయకుండానే పీహెచ్‌డీలో చేరవచ్చు. కోర్సుకు కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్లు గడువుంది. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లతో ముగుస్తుంది. ప్రయోగాలు అనుకున్నట్టు సాగనివారు ఆరో ఏడు థీసిస్ రాసేటప్పుడు జీతం లేకుండా నెట్టుకురావాల్సి వస్తుంది. ఈ లోటును విధానం రాసేవాళ్లు ఇప్పటికైనా పూడ్చాలి.