ఇండ్లలోనికి పాములు చొరకుండ చేయవలసిన పనులు

తొలకరి పడి పొలము పనులు సాగు దినములలో పాముకాటు ప్రమాదములు హెచ్చుగా జరుగుచుండును. 2000 మొదలు 2019 వఱకు గల ఇరువది సంవత్సరములలో భారతదేశమున పాముకాటుచే మరణించినవారు సుమారు 12 లక్షలని 2020లో వెలువడిన పరిశోధనవలన తేలినది. వీరిలో పెక్కుమంది పల్లెవాసులు. ఈ మరణములు హెచ్చుగా గల రాష్ట్రములలో తెలంగాణమును ఆంధ్రప్రదేశమును చేరియున్నవి.

పాము మనుష్యుని వెదకికొని ఇంటికి రాదు. ఎలుకను వెదకికొని వచ్చును. ధాన్యపు గుమ్మి యున్నచోట ఎలుకలును, వాని వెనుక నాగుపాము, రక్తపింజర మొదలగునవియు చేరును. కావున పాముల బెడద తీర్చుకొనగోరు రైతు మొదట ఎలుకల సంగతి చూడవలెను. గుమ్మిని గోడకు దూరముగా, మూడడుగుల ఎత్తు కాళ్ళపై నిలిపి, ఒక్కొక్క కాలికి బోర్లించిన గరాటువంటి రేకు తొడిగినయెడల ఎలుక పైకి ఎక్కజాలదు. ఇంటిచుట్టునుగల కలుగులను సాయంకాలము బురదతో మూసి మఱునాటి ఉదయమున చూడవలెను. మరల తెఱవబడియున్న కలుగులయందే ఎలుకలు కాపురమున్నవని తెలియును. వానియొద్ద బోనులు పెట్టి ఎలుకలను పట్టిన పిమ్మట, ఆ కలుగులను రాతిముక్కలతోను గాజుపెంకులతోను దట్టించి, పైన సిమెంటు పూయవలెను. కలుగులో చేయిపెట్టుట ఎన్నడును కూడదు. ఎలుకను మ్రింగిన పాము అందే నివసించుట కలదు.

పాముపిల్ల దూరుటకు చిటికెనవ్రేలు పట్టు సందు చాలును. తలుపు క్రింది ఎడమును రబ్బరు పట్టీతో మూయవలెను. నీరు పోవు తూములకు సన్నని ఇనుప జాలీ బిగింపవలెను. కట్టెలు, పిడకలు, పాత ఇటుకలు గోడకు ఆనించి పేర్చరాదు. కోళ్ళగూడు పడకయింటికి ఎడముగా నుండవలెను.

వెల్లుల్లి, ఇంగువ, గంధకము, కార్బాలిక్ ఆమ్లము చల్లినచో పాములు రావని పలువురు నమ్ముదురు. వీనిపై ఆధారపడదగిన నిదర్శనము లేదు. గోడలోని బొక్కను అట్లే విడిచి ఇంగువ నీరు చల్లువాని ఖర్చు వ్యర్థము. ఆ పైకముతో సిమెంటు కొనుట మేలు.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది కట్లపాము విషయమున. ఇది నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లు గలది. పగలు దాగియుండి రాత్రివేళ సంచరించును. నేలపై చాపలు పఱచుకొని నిద్రించు పిల్లలను, పెద్దలను పడకలోనే కఱచును. కాటు నొప్పి స్వల్పము. గుర్తును ఒక్కొక్కప్పుడు కానరాదు. తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచిన పిల్లవానికి కనుఱెప్పలు వ్రాలుట, మాట తడబడుట, మ్రింగుట కష్టమగుట కనబడినచో అజీర్ణమని ఊరకుండరాదు; తత్క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. దీనికి నివారణ సులభము. మంచముపై పరుండి, దోమతెర అంచులను పరుపు క్రిందికి నలువైపుల దోపవలెను. మంచము లేనివారు నేలపైనైనను దోమతెర కట్టి, అంచులను చాపక్రింద దోపుకొనవలెను. మలేరియాకు గొన్న తెరయే కట్లపామునుండియు కాపాడును. రాత్రి బయటికి పోవునపుడు టార్చి దీపము వెంట నుండవలెను. చెప్పులు తొడుగుటకు ముందు దులుపవలెను.

జెఱ్ఱిపోతునకు విషము లేదు. అది పొలములలో ఎలుకలను తినును గనుక గట్టుపై కనబడినంతనే కఱ్ఱ యెత్తుట రైతునకే నష్టము.

కాటు తగిలినచో గాయమును కోయుట, నోట పీల్చుట, త్రాడుతో బిగించి కట్టుట హానికరములు. కఱచిన అవయవమును కదలకుండ బద్దకు కట్టి, రోగిని నడవనీయక, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. మంత్రముచే బ్రదికినవారని చెప్పబడువారిలో పలువురు విషములేని పాము కఱచినవారో, విషసర్పము కఱచియు విషము ఎక్కనివారో యై యుందురు. విషము నిజముగ నెక్కినవానికి మంత్రగాని వాకిట గడచు ప్రతి గడియయు ప్రాణాపాయమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాల్గింటి విషమునకును ఒకే విషహరపు సూదిమందు పనిచేయును. కావున పామును వెదకి చంపి వైద్యునికి చూపుటకై కాలము గడపనక్కఱలేదు. తెగిన పాము తలయు కొంతసేపు కఱవగలదు గనుక దానిని చేత ముట్టరాదు.