శ్రవణయోగ్యమైన మండపము

ప్రవచనమునకు వచ్చినవారు "కంఠము వినబడినది గాని మాట తెలియలేదు" అని వెడలిపోవుట మనమెరిగినదే. దోషము వక్తయందు లేదు, శ్రోతయందు లేదు. అది పెక్కు తావుల కట్టడమునందే యున్నది.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున 1895లో ఫాగ్ కళాప్రదర్శనశాల వెలసినది. అందలి ఉపన్యాసమందిరము చూపునకు గంభీరమే. అయినను పలికిన మాట ఐదున్నర సెకన్లు గోడల నడుమ మ్రోగుచుండెడిది! అంతలో వక్త మరి పది మాటలు పలుకును గదా. ఒకదానిపై నొకటి పడి అర్థము మునిగిపోయెడిది.

దీనిని చక్కదిద్దు భారము వాలెస్ సేబైన్ అను యువ భౌతికశాస్త్ర అధ్యాపకునిపై పడినది. ఆయన సాండర్స్ థియేటరు ఆసనముల మెత్తలను రాత్రులందు తెచ్చి పరచి, ఆర్గన్ గొట్టమును మ్రోగించి, నాదము ఎంతసేపటికి అణగునో కొలిచెను. మెత్తలు పెరిగినకొలది మ్రోత తగ్గెను. మందిరపు ఘనపరిమాణమును, నాదమును పీల్చుకొను ఉపరితలములను ఎరిగినచో ఈ కాలమును కట్టుటకు ముందే లెక్కింపవచ్చునని తేలినది. 1900లో తెరచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్కతో రూపొందినదే.

మన కల్యాణమండపములలో నునుపు గ్రానైటు, కాంక్రీటు కప్పు, అద్దపు కిటికీలు. ఇవి నాదమును పీల్చవు, తిరుగగొట్టును. మైకు స్వరము హెచ్చించినచో మ్రోతయు హెచ్చును. ఇది పలువురు ధర్మకర్తలకు తట్టని సంగతి. జనము నిండినపుడు కొంత మేలు, మనుష్యుల దేహములు, వస్త్రములు నాదమును పీల్చుకొనును గనుక. వాస్తువిద్యార్థికి దూలము బలము లెక్కించుట నేర్పునట్లే ఈ లెక్కయు నేర్పవలెనని మేము తలచెదము. మండపపు నక్షా గీయించువారు ఇంజనీరును ముందే అడుగవలసిన ప్రశ్న యొకటి: ఖాళీ హాలులో చప్పట్ల మ్రోత ఎన్ని సెకన్లు నిలుచును?