వేడి మీటరు ముల్లు చలించుటకు కారణములు

గుత్తి నుండి అనంతపురమునకు సాగు 44వ జాతీయ రహదారిపై, పెన్నానది యొడ్డుననున్న పామిడి మీదుగా హైదరాబాదునకో బెంగళూరునకో పోవు లారీలును కార్లును వేసవియందు మండుటెండనే కాక, తమ రేడియేటర్లలో పోసిన నీటి గుణమును గూడ భరింపవలసియుండును. వాన స్వల్పమై, లోతైన బోరుబావులపై బ్రదుకు నడచు ఈ కఱవుసీమలో, ఇంజను వేడిని దెలుపు మీటరు ముల్లు ఒకమాఱు ఎఱ్ఱగీతకు ఎగబ్రాకి మరల దిగజాఱుట కనబడినపుడు, మీటరు చెడినదని ఉపేక్షించుటయు, ఇంజను చెడినదని వెంటనే విప్పించుటయు, రెండును తొందరపాట్లే.

ముల్లునకు ఇంజను వేడి స్వయముగా దెలియదు. సిలిండరు హెడ్డునందో, థర్మోస్టాటు వాల్వు చెంతనో నీటిలో మునిగియుండు సెన్సారు, వేడి పెరిగినకొలది తన విద్యున్నిరోధమును తగ్గించుకొనుచుండగా, ఆ మార్పు తీగ వెంట నేరుగానో, నేటి వాహనములలో ఇంజను కంప్యూటరు ద్వారానో మీటరును జేరును. కావున చలించునది నీటి వేడియైన కావలెను, దానిని దెలుపు వార్తయైన కావలెను; ఈ రెండింటిని వేఱుపఱచుటయే పరీక్షకు మూలము.

నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లాఱు ద్రవ్యము. ఇంజను నిండిన నీరంతయు రెప్పపాటులో ముప్పది డిగ్రీలు పెరుగుటగాని తఱుగుటగాని అసంభవము గనుక, చక్రము గోతిలో పడినపుడో, హెడ్‌లైట్లు వేసినపుడో ముల్లు ఎగిరిపడినచో, వదులైన ఎర్తును, చిలుము పట్టిన సాకెట్టును, ఒరసికొనిపోయిన తీగను ముందుగా శంకింపవలెను. పాతకాలపు కొన్ని వాహనములలో పెట్రోలు ముల్లు గూడ దానితోపాటు తూగినచో, రెండు మీటర్లకును సమముగా విద్యుత్తునందించు స్టెబిలైజరే దోషి కావచ్చును.

ఈ సూత్రమునకు ప్రమాదకరమైన అపవాదమొకటి కలదు. నీరు తగ్గిపోయినపుడు సెన్సారు చుట్టు ఒకసారి గాలియు ఒకసారి ఆవిరియు చేరుటచే ముల్లు గంతులు వేయును. ఇంజను మాడిపోవుచుండగనే చల్లగానున్నట్లు చూపుటయు గలదు. అందుచేత తీగలను ముట్టుకొనక మునుపే, చల్లాఱిన ఇంజనులో నీటి మట్టమును చూడవలెను. నిండుగా నీరు పోసి ఇంజనును నడిపినపుడు రేడియేటరు మూతికడ బుడగలు ఎడతెగక లేచుచుండినచో, హెడ్ గ్యాస్కెట్టును పరీక్షింపవలెను.

మెల్లగా పెరిగి మెల్లగా తగ్గు ముల్లు చాలవఱకు నిజమునే పలుకును. బండి నిలిచియున్నపుడు పెరిగి పరుగులో తగ్గినచో ఫ్యానును, ఎంత దూరము నడిచినను పైకి రాకున్నచో మూసికొనని థర్మోస్టాటును చూడవలెను. ఇది సామాన్యముగా 82 మొదలు 88 డిగ్రీల నడుమ తెఱచుకొను వాల్వు. బరువుతో ఎత్తెక్కునపుడు మాత్రమే పెరిగినచో రేడియేటరు పూడియుండవచ్చును. ఈ సీమలో ఇది విశేషముగా గమనింపదగినది: బోరునీటిలోని సున్నపు లవణములు, నీళ్లు కాచు గుండిగ అడుగున పేరుకొను తెల్లని పొరవలె, రేడియేటరు గొట్టములలో గడ్డకట్టి వేడిని వెలికి పోనీయవు. డిస్టిల్డు నీటితో కలిపిన కూలెంటు ఈ పొరను కట్టనీయకపోవుటయే కాక, నీరు మరుగు హద్దును గూడ పెంచును.

ఒంటితీగ సెన్సారుగల పాత బండిలో తీగను ఊడదీసినపుడు ముల్లు చల్లని గుర్తునకు పడిపోయి, దానిని క్షణకాలము ఎర్తునకు తాకించినపుడు పైకి లేచినచో, మీటరును తీగయు నిర్దోషులు, సెన్సారునే మార్పింపవలెను. కంప్యూటరుగల బండ్లయందు ఈ పని చేయరాదు. వానిని స్కానరుతోనే చూపింపవలెను.

దారిలో ముల్లు ఎఱ్ఱగీత దాటినపుడు బండిని నిలుపవలెనేకాని రేడియేటరు మూతను తెఱవరాదు. ఒత్తిడిలో నూఱు డిగ్రీలు మించియుండు నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖమును కాల్చును. మొదట నీరు, పిదప తీగలు, ఆపైన సెన్సారు, థర్మోస్టాటు, ఫ్యాను, రేడియేటరు, తుదకు మాత్రమే ఇంజను: ఈ క్రమమును తప్పక పాటించు చోదకునకు సొమ్ము వృథా కాదు, ఇంజను నష్టము కాదు.