తాబేలు సావు ఎవుడి లెక్కలో రాస్తారు?

జనవరి వచ్చిందంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఒడ్డుకి సచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. ఫొటో తీసి స్టేటస్ పెడతాం, అయ్యో పాపం అంటాం. ఎలా సచ్చిందో ఎవుడూ అడగడు.

ఇది ఆలివ్ రిడ్లే. సముద్రపు తాబేళ్లలో సిన్న జాతి. డొప్ప రెండడుగుల పైసిలుకు, బరువు 35 నుంచి 50 కిలోలు. ఉండేది నీళ్లలోనే గానీ సేప కాదు. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్సాల, అందుకు పైకి తేలాల. ఈ ముక్క గుర్తెట్టుకోండి.

రాత్రిపూట తల్లి ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లెట్టి, ఇసక కప్పి, దిమ్మిస కొట్టినట్టు ఒంటితో అదిమి ఎల్లిపోద్ది. మళ్లీ ఎనక్కి సూడదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. ఆడో మగో తేల్సేది ఇసక వేడే: వేడెక్కువైతే ఆడవి, తగ్గితే మగవి. పుట్టిన పిల్ల వెలుగున్న వైపు పాకుద్ది. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రం మీదే ఉండేది, ఇప్పుడు రిసార్టు లైట్లు పిలుస్తున్నాయి. వెయ్యింటిలో ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు.

ఆ ఒక్కటీ ఏళ్ల తర్వాత గుడ్లెట్టడానికి ఒడ్డు దగ్గరకొస్తే, అక్కడ మరబోట్లు రొయ్యల కోసం ట్రాల్ వల గంటల తరబడి ఈడుస్తుంటాయి. వల్లో పడ్డ తాబేలు పైకి తేలలేదు. ఊపిరాడక సస్తాది.

దీనికి టెడ్ అని ఒక కడ్డీల చట్రం ఉంది. రొయ్య కడ్డీల సందులోంచి వల్లోకి పోద్ది, తాబేలు పక్క దారిన బయటపడతాది. కొంత సేప కూడా పోద్దని ఓనర్లు బిగించరు. టెడ్ వాడట్లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. సెరువు రొయ్యలకి ఆ గొడవ లేదు.

మరి చట్టం లేదా? ఉంది. 1972 వన్యప్రాణి చట్టంలో దీన్ని పులితో పాటు మొదటి షెడ్యూల్లో పెట్టారు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదు, ఆ జాగా తెప్పలోళ్లది. వేట నిషేధమేమో ఏప్రిల్ 15న మొదలవుద్ది. అది సేపల కోసం పెట్టింది, అప్పటికి తాబేళ్లు సాలా మట్టుకు గుడ్లెట్టేసి ఉంటాయి. ఫారెస్టోళ్లు గుడ్లేరి హేచరీల్లో పొదిగిస్తున్నారు, పిల్లల్ని వదిలే రోజు నాయకులొచ్చి ఫొటోలు దిగుతారు. మంచిదే. తల్లి సావు సంగతేటి?

తెప్పలోడి వల తెంపేదీ, తాబేలుని సంపేదీ ఆ ట్రాల్ వలే. కాబట్టి తమ్ముళ్లూ, సెల్లెళ్లూ, ఈసారి ఫొటోతో పాటు తేదీ, సోటు రాసి ఫారెస్టోళ్లకి పంపండి. ఒడ్డు దగ్గర ట్రాల్ ఈడుస్తున్న బోటు కనిపిస్తే దాని నంబరు ఫిషరీస్ ఆఫీసుకి ఇచ్చి, రసీదు అడగండి.