పంపూ మోటారూ ఒకే వరుసలో ఉన్నాయా?

వేసవి సాయంకాలం పాలు దిగే వేళకు శీతలీకరణ కేంద్రంలో చల్లనీటి పంపు ఆగిపోతే ఏమవుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. కర్నూలు, కడప ప్రాంతాలలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొదుగు నుండి వెచ్చగా వచ్చిన పాలను కొద్ది గంటలలో 4 డిగ్రీలకు దించకపోతే పులుపెక్కుతాయి. ఐసు బ్యాంకులో మంచు నిండుగా ఉన్నా, ఆ చల్లనీటిని ప్లేట్ చిల్లరుకు తోసే పంపు నిలిచిపోతే ఆ మంచు ఎవరికీ పనికిరాదు. నష్టం చివరకు పాలు పోసినవారి లెక్కలోనే పడుతుంది.

మేము చూచినంతలో, కొత్తగా బిగించిన పంపు ఏడాది తిరక్కుండానే మూలన పడితే మొట్టమొదట అనుమానించవలసింది ఒకటున్నది. పంపు ఇరుసూ మోటారు ఇరుసూ ఒకే సరళరేఖలో లేకపోవడం.

కపిల తోలిన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. గిలక వంకరగా ఉంటే మోకు ఒక పక్కనే అరుగుతుంది, ఎద్దులకు బరువు పెరుగుతుంది, బానలోకి వచ్చే నీళ్ళు మాత్రం పెరగవు. మోటారు విషయమూ అంతే. పెరిగిన బరువు కరెంటు బిల్లులో కొంత, బేరింగులలో కొంత కనిపిస్తుంది.

"కప్లింగులో రబ్బరు ఉన్నది గదా, వంకరను అదే సర్దుకుంటుంది" అనే మెకానిక్కులున్నారు. రబ్బరు ఉన్నది కొద్దిపాటి తేడాను, అదురును ఓర్చుకోవడానికి. బిగింపులోని అశ్రద్ధను కప్పిపుచ్చడానికి కాదు. వంకర ఎక్కువైతే రబ్బరు అరిగి కప్లింగు కింద నల్లటి పొడి రాలుతుంది. గ్లాండు నుండి నీరు ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. బేరింగు మీద చేయి ఆనదు. ఈ మూడు గుర్తులూ మెకానిక్కు కాని సభ్యుడు కూడా పోల్చుకోగలడు.

మోనోబ్లాక్ పంపులకూ, బోరుబావులలోని సబ్‌మెర్సిబుల్‌లకూ ఈ బెడద లేదు. అవి కర్మాగారంలోనే కుదిరి వస్తాయి. విడి పంపు, విడి మోటారు ఒకే బేస్ ప్లేటు మీద ఉండే సెట్లకే ఈ పని. అవి కూడా కంపెనీలో సరిచూసి పంపినవేనని కొందరంటారు. కాని లారీలో కుదుపులు తిని, ఎగుడుదిగుడు దిమ్మె మీద బోల్టులు బిగించేసరికి ప్లేటు మెలిపడుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఫ్యూజులు తీసి, బిగించేవాడి జేబులోనే ఉంచుకోవాలి. కాంక్రీటు దిమ్మె మీద బేస్ ప్లేటును రసమట్టంతో సరిచూసి, కింద గ్రౌటు పోసి, అది గట్టిపడేదాకా ఆగాలి. తొందరపడేది ఇక్కడే. పంపును ముందుగా బిగించేయాలి, తర్వాత దానిని కదపరాదు. కదలవలసింది మోటారే. మోటారు నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిగా ఉన్న బల్లవలె ఊగుతున్నదేమో, ఒక్కొక్క బోల్టు వదులుచేసి ఫీలర్ గేజితో చూసుకోవాలి. సందు ఉన్న కాలి కింద షిమ్ము వేయాలి.

ఇక కొలత. రెండు ఇరుసులనూ కలిపి పావు చుట్టు చొప్పున తిప్పుతూ కప్లింగు ముఖాల మధ్య సందును పైన, కింద, రెండు పక్కలా కొలవాలి. కలిపి తిప్పమనడం ఎందుకంటే, కప్లింగే కొంచెం వంకరగా తయారై ఉండవచ్చు.

ఒక లెక్క చూద్దాం. కప్లింగు వ్యాసం 140 మి.మీ. పైన సందు కింద కంటే 0.2 మి.మీ. ఎక్కువ. అంటే మోటారు వెనుక భాగం కిందికి వాలి ఉన్నది. ముందు, వెనుక కాళ్ళ మధ్య దూరం 210 మి.మీ. అయితే, 0.2ను 210తో హెచ్చించి 140తో భాగించాలి. 0.3 వస్తుంది. అంత మందం షిమ్ము వెనుక కాళ్ళు రెండింటి కింద వేయాలి. అయితే వెనుక లేపితే ముందున్న కప్లింగు కిందికి దిగుతుంది. అందుకే ముందు వాలు సరిచేసి, ఆ తర్వాతే ఎత్తు చూడాలి. కప్లింగు అంచుల మీద ఉక్కు స్కేలు ఆనించి, ఎత్తు తేడా ఎంతుంటే అంత షిమ్ము నాలుగు కాళ్ళ కిందా సమానంగా వేయాలి. పక్కల తేడాకు షిమ్ము అక్కరలేదు, మోటారును జరిపితే చాలు. చివరికి తేడా 0.1 మి.మీ. లోపుకు రావాలి. ఇంచుమించు తలవెంట్రుక మందం!

కె.సి. కాలువ నీళ్ళు వాలును బట్టి వాటంతట అవే పారతాయి. 2012 నుండి మల్యాల వద్ద కృష్ణ నీటిని ఎత్తిపోస్తున్న హంద్రీ–నీవా పంపులకు మాత్రం ఈ వెంట్రుకవాసి లెక్క తప్పదు, మన చిన్న పంపుకూ తప్పదు.

ఇంతా చేసి చివరలో పైపుల దగ్గర చెడగొట్టుకోవడం తరచు జరుగుతున్నది. మేము చూచిన ఒక కేంద్రంలో రబ్బరు నెలకొకటి తెగేది. రెండుసార్లు బేరింగులు మార్చారు, ఆపైన మోటారునే తప్పుపట్టారు. మేము పైపు ఫ్లాంజి బోల్టులు విప్పగానే పైపు రెండు వేళ్ళ మందం పక్కకు జరిగింది. అంతకాలం ఆ పైపు బరువును పంపే మోస్తూ ఉన్నదన్నమాట. పైపుకు విడిగా ఆధారం కట్టి, ఫ్లాంజీలు బలవంతం లేకుండా వాటంతట అవి కలిసేటట్టు చేసి, మళ్ళీ వరుస చూసి బిగించాము. పైపులు బిగించిన తర్వాత కొలత రెండోసారి తీయాలనడం ఇందుకే.

కప్లింగు కలపకముందే మోటారును ఒక్కదానినే నడిపి, బాణం గుర్తు వైపే తిరుగుతున్నదో లేదో చూడాలి. కలిపి గార్డు బిగించాక రెండు గంటలు నడిపి, ఆపి, ఫ్యూజులు తీసి, వేడిగా ఉండగానే మూడోసారి కొలవాలి. ఇరుసు ఎత్తు 160 మి.మీ. ఉన్న మోటారు 40 డిగ్రీలు వేడెక్కితే ఇరుసు దాదాపు 0.08 మి.మీ. పైకి లేస్తుంది. చల్లనీటి పంపేమో చల్లగానే ఉంటుంది. తేడా 0.1 దాటితే షిమ్ము తగ్గించాలి.

కొలవడానికి తీసిన గార్డును తిరిగి బిగించిన తర్వాత, ఈ మూడు కొలతలూ తేదీతో కేంద్రం పుస్తకంలో రాయించి, ఆ తర్వాతే బిగింపు బిల్లు మీద సంతకం చేయవలసిందిగా పాలకవర్గ సభ్యులను కోరుతున్నాము.