పదోవంతు లెక్క

కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకొనేవారందరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే సందేహం ఒకటుంది. 0.1కి 0.2 కలిపి చూపమని యంత్రాన్ని అడిగితే, 0.3కు బదులు 0.30000000000000004 అని చూపుతుంది. పైథాన్‌లో అడిగినా, జావాలో అడిగినా, జావాస్క్రిప్టులో అడిగినా ఇదే సమాధానం. సీ భాషలో మామూలుగా అచ్చు వేయిస్తే 0.300000 అని సవ్యంగానే కనబడుతుంది గాని, ఆ మొత్తం 0.3కు సమానమా అని పరీక్షిస్తే కాదనే తేలుతుంది. ఇలా తేడా కంటికి కనబడకపోవడం వల్ల కొత్తవారి తికమక మరింత పెరుగుతుంది. భాష మారినా ఫలితం మారడం లేదంటే, కారణం భాషలో గాక యంత్రం సంఖ్యలను దాచుకొనే పద్ధతిలో ఉందన్నమాట.

మనిషి పది వేళ్ల లెక్కకు అలవాటుపడినవాడు. అతని దశాంశ పద్ధతిలో బిందువు తరువాతి స్థానాలు పదోవంతు, నూరోవంతు, వెయ్యోవంతు. కంప్యూటరుకు సున్న, ఒకటి అనే రెండే అంకెలు. అందువల్ల దాని స్థానాలు సగం, పావు, ఎనిమిదోవంతు, పదహారోవంతు. ఈ భిన్నాలు తెలుగువారికి కొత్తవి కావు. అర, పావు, వీసం అనే పాత లెక్కలు ఈ వరుసలోనివే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకు రూపాయికి పదహారు అణాలు. అందులో సగం ఎనిమిదణాలు, పావు నాలుగణాలు, పావులో సగం బేడ. ఆనాటి వర్తకుణ్ణి రూపాయిలో సరిగ్గా పదోవంతు ఇమ్మంటే, ఒక అణా ఇచ్చి, ఆపైన మరొక అణాలో అయిదింట మూడు వంతులు ఇవ్వవలసి వచ్చేది. అటువంటి నాణెం ఏదీ లేదు.

కంప్యూటరు ఇబ్బంది కూడా ఇదే. పదహారోవంతుకు ముప్పైరెండోవంతు కలిపితే 0.09375 వస్తుంది. దానికి 256వ వంతు, 512వ వంతు చేర్చితే 0.099609375 అవుతుంది. ఎంత దూరం పోయినా 0.1కి చేరువవుతుందే తప్ప 0.1 కాదు. మూడోవంతును దశాంశాలలో రాయబోతే 0.333 అంటూ అంతం లేకుండా సాగినట్లే ఇదీ సాగుతుంది. యంత్రం సాధారణంగా 53 ద్విసంఖ్యా స్థానాలకు సవరించి ఆపుతుంది. 0.5కు 0.25 కలిపితే మాత్రం 0.75 లోపం లేకుండా వస్తుంది.

ఇంత సూక్ష్మమైన తేడా వల్ల వచ్చే నష్టమేమిటని తోచవచ్చు. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని ధహ్రాన్ వద్ద అమెరికా సైన్యం పేట్రియాట్ క్షిపణి నిరోధక వ్యవస్థను నిలిపింది. అది కాలాన్ని సెకనులో పదోవంతుల లెక్కన కొలిచేది. ఆ లెక్కను సెకన్లలోకి మార్చే 0.1 విలువను 24 స్థానాలకు కుదించారు. ఒక్కొక్క పదోవంతులో పోయినది సెకనులో కోటోవంతు కంటె తక్కువే. కాని వ్యవస్థ నూరు గంటలు ఆగకుండా పనిచేసేసరికి ఆ లోటు 0.34 సెకనుకు పెరిగింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. రాడార్ వెతకవలసిన చోట వెతకలేదు. ఫిబ్రవరి 25న ఆ క్షిపణి సైనికుల బసపై పడి 28 మంది మరణించారు. ఈ లోపం అప్పటికి తెలియనిదేమీ కాదు. వ్యవస్థను మరీ ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చునని కొద్దిరోజుల ముందే సూచన వెళ్లింది. ఎన్ని గంటలైతే ఎక్కువో అందులో చెప్పలేదు. ఆపి తిరిగి ప్రారంభిస్తే గడియారం మళ్లీ సున్న నుంచి మొదలయ్యేది. సరిదిద్దిన ప్రోగ్రాము ధహ్రాన్ చేరినది మరునాడు.

దీనికి ఉపాయాలు క్లిష్టమైనవి కావు. డబ్బు లెక్కలలో రూపాయలను దశాంశాలుగా గాక పైసలుగా, పూర్ణసంఖ్యలలో దాచవచ్చు. పది రూపాయల పది పైసలు 1010 పైసలవుతాయి. పూర్ణసంఖ్యల కూడికలో ఈ తేడా రాదు. పది ఆధారంగానే లెక్కించేందుకు జావాలో బిగ్‌డెసిమల్, పైథాన్‌లో డెసిమల్ అనే సాధనాలున్నాయి. వీటి వేగం కొంత తక్కువ. శాస్త్ర గణనలలో రెండు విలువలు సమానమా అని అడగరు. వాటి మధ్య భేదం ముందుగా నిర్ణయించుకొన్న స్వల్ప పరిమితికి లోబడి ఉందా అని పరీక్షిస్తారు. ఆ పరిమితి ఎంత ఉండాలో కొలిచే వస్తువును బట్టి ప్రోగ్రాము రాసేవారే నిర్ణయించుకోవాలి.